విషానికి చుట్టరికం

శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, సముద్రానికి ఎంతో దూరం కాని చోట శ్రీకూర్మం ఉంది. విష్ణువును తాబేలు రూపంలో కొలిచే గుళ్ళలో ఇంత పేరున్నది మరొకటి లేదు. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు ఇక్కడ వేయించిన శాసనం 1281 నాటిది. అంటే ఏడు వందల ఏళ్ళకు పైగా ఈ తీరంలో జనం పాలసముద్రపు కథ వింటూ, ఆ కథలో బరువు మోసినవాడికి దండం పెడుతూ వస్తున్నారు. మందరగిరి కవ్వం, వాసుకి తాడు, అడుగున కూర్మం. చిలికింది అమృతం కోసం. భాగవతం చెప్పిన వరసలో మాత్రం ముందు పైకి తేలింది హాలాహలం. వినేవాళ్ళు శివుడు దాన్ని గొంతులో నిలుపుకున్న ఘట్టం దగ్గర పరవశించి, కామధేనువు, కల్పవృక్షం, లక్ష్మి అంటూ ముందుకు సాగిపోతారు. కానీ అక్కడ ఆగి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. దేవుడి సముద్రంలో, దేవుడే అడుగున ఉండి కొండను మోస్తుండగా, విషం ఎందుకుండాలి?

దీనికి వాడుకలో రెండు జవాబులున్నాయి. విషం పాపానికి శిక్ష అన్నది ఒకటి. ఆ మాట ఇప్పుడు ఎవరూ గట్టిగా అనడం లేదు. పాము కరిచి పోయిన పొలం కూలీ ఏ పాపం చేశాడో వాళ్ళింటి ముందు నిలబడి చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? రెండోది కాస్త చదువుకున్నవాళ్ళ జవాబు. లోకంలో వృథా అయినది ఏదీ లేదు, ఇవాళ విషమనుకున్నది రేపు మందవుతుంది, కనుక సృష్టికర్త లెక్క తప్పలేదు అంటారు. ఈ వాదానికి ఇటీవల సైన్సు నుంచి మంచి మద్దతు దొరికినట్టు కనిపిస్తుంది. దక్షిణ అమెరికా పాము విషంలోని ఒక పదార్థాన్ని ఆనవాలుగా పట్టుకుని కాప్టోప్రిల్ అనే రక్తపోటు మాత్రను తయారుచేశారు. సముద్రపు నత్త విషం నుంచి వచ్చిన జికోనోటైడ్ అనే నొప్పి మందుకు 2004లో అమెరికాలో అనుమతి దొరికింది. ఇప్పుడు ఆ వరసలో సీ అనిమోన్ పేరు వినిపిస్తోంది. ఈ రెండో జవాబు కూడా తప్పేనని నా అభిప్రాయం. అయితే అది ఎక్కడ తప్పిందో చూస్తే, అసలు ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు అక్కడే దొరుకుతుంది.

సీ అనిమోన్ జంతువే గానీ చూపుకు పువ్వు. విశాఖ, భీమిలి వైపు ఆటు సమయంలో బండల మధ్య మిగిలే నీటి గుంటల్లో ఇలాంటి జీవులుంటాయి. శ్రీకాకుళం తీరం చాలావరకు ఇసుక కాబట్టి వాటికి అంటుకోవడానికి బండ తక్కువ. ఈ జీవికి ఎముక లేదు, మెదడు లేదు, పరుగెత్తడానికి కాళ్ళు లేవు. నోటి చుట్టూ రేకుల్లాంటి స్పర్శకాలు, వాటి నిండా దంశకణాలు. ఒక్కో కణంలో చుట్టగా చుట్టిన బోలు దారం ఉంటుంది. ఏ రొయ్యపిల్లో తగిలితే ఆ దారం విప్పుకుని దూసుకొచ్చి దాని ఒంట్లోకి విషాన్ని దింపుతుంది. దీని చుట్టమైన హైడ్రాలో ఈ వేగాన్ని కొలిచారు. సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం కూడా పట్టదు. ఆ విషమైనా ఒక్క పదార్థం కాదు. నరాల కణాల్లో సోడియం వెళ్ళే ద్వారాలను తెరిచినవి తెరిచినట్టే ఉంచేవి కొన్ని, పొటాషియం ద్వారాలకు అడ్డుపడేవి కొన్ని, కణం పొరకు ఏకంగా చిల్లు పెట్టేవి మరికొన్ని. పారిపోలేని, తరమలేని ప్రాణికి అన్నమైనా ఆత్మరక్షణైనా ఇదొక్కటే.

కరీబియన్ సముద్రంలో స్టైకోడాక్టిలా హెలియాంథస్ అనే అనిమోన్ ఉంది. క్యూబాకు చెందిన ఓల్గా కాస్టనీడా, ఆమె సహచరులు దాని నుంచి 35 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు ఒకదాన్ని వేరుచేసి 1995లో ప్రకటించారు. దానికి ఎస్‌హెచ్‌కే అని పేరు. మూడు చోట్ల గంధకపు బంధాలతో ముడిపడి ఉండే ఈ గొలుసు పొటాషియం ద్వారాల మూతిని బిరడాలా మూసేస్తుంది. ఆ ద్వారాల్లో కేవీ 1.3 అనే రకం మన రక్తంలోని టి కణాల్లో ఉంటుంది. శరీరాన్ని కాపాడవలసిన ఈ కణాల్లో ఒక తెగ దారి తప్పి సొంత శరీరం మీదే తిరగబడితే సోరియాసిస్, కీళ్ళవాతం, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి జబ్బులు వస్తాయి. తిరగబడే ఆ తెగ కేవీ 1.3 మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మిగతా రక్షక కణాలు అవసరమైతే మరో ద్వారంతో పని సాగించుకోగలవు. కాబట్టి ఈ ఒక్క ద్వారాన్ని మూస్తే తిరుగుబాటు అణుగుతుంది, కోట మాత్రం కూలదు. చిక్కేమిటంటే ఎస్‌హెచ్‌కే నరాల్లోని కేవీ 1.1 అనే ద్వారాన్నీ మూస్తుంది. కాలిఫోర్నియాలో జార్జ్ చాండీ, ఆస్ట్రేలియాలో రే నార్టన్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేసిన తర్వాత, ఆ గొలుసు ఒక చివర చిన్న తోక తగిలిస్తే నరాల వైపు మొగ్గు తగ్గి, టి కణాల ద్వారాన్ని వంద రెట్ల మెరుగుగా ఎంచుకుంటుందని తేలింది. అలా పుట్టిన డలజటైడ్‌ను 24 మంది సోరియాసిస్ రోగులకు మైక్రోగ్రాముల మోతాదులో వారానికి రెండుసార్లు నాలుగు వారాల పాటు ఇచ్చి చూసిన ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. ఎక్కువ మోతాదు తీసుకున్న పదిమందిలో తొమ్మిది మందికి మచ్చలు ఎంతో కొంత తగ్గాయి. చేతులకూ నోటి చుట్టూ తిమ్మిరి లాంటివి తప్ప పెద్ద ఇబ్బందులు రాలేదు. ఇరవై నలుగురితో చేసిన పరీక్ష మందును నిరూపించదు. డలజటైడ్ ఇంకా దుకాణానికి రాలేదు.

వృథా అన్నది లేదనేవాళ్ళు ఇక్కడ సంతోషిస్తారు. వాళ్ళు మూడు సంగతులు గమనించాలి. మొదటిది కాలం. అనిమోన్ల వంశం యాభై కోట్ల ఏళ్ళకు పైబడినది, మనిషి జాతి వయసు మూడు లక్షల ఏళ్ళు. మనకు రాబోయే సోరియాసిస్ కోసం దేవుడు అన్ని కోట్ల ఏళ్ళ ముందే ఒక పువ్వులో మందు దాచిపెట్టి, ఈలోగా దానితో లెక్కలేనన్ని రొయ్యపిల్లల్ని చంపిస్తూ వచ్చాడనుకోవాలా? రెండోది లెక్క. ప్రపంచంలో వెయ్యికి పైగా అనిమోన్ జాతులున్నాయి. ఒక్కోదానిలో పదుల సంఖ్యలో విషపదార్థాలున్నాయి. వాటిలో ఒక్కదాని నుంచి కూడా ఇప్పటిదాకా ఆమోదం పొందిన మందు రాలేదు. మన కోసమే పెట్టిన నిల్వ అయితే ఇంత పొదుపుగా ఉండటం వింతే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఎస్‌హెచ్‌కే ఉన్నది ఉన్నట్టుగా మందు కాదు. దానికి తోక తగిలించాలి, తూకం వేయాలి, ఎలుకల మీదే కాదు, చివరకు మనుషుల మీదా చూడాలి. సముద్రం ఇచ్చింది ఒక బిరడాను. దాన్ని మందు చేసింది, చేస్తున్నదీ చిలుకుతున్న చేతులు. పనికొస్తుంది కనుక విషం ఉండటం న్యాయమే అనే వాదంలో ఇంకో దోషం కూడా ఉంది. అది సృష్టిని మన కొట్టుసామానుగా చూస్తుంది. పనికిరాని ప్రాణికి దేవుడు ఏం సమాధానం చెప్పుకోవాలన్న ప్రశ్న మళ్ళీ మొదటికే వస్తుంది.

అసలు ఆ విషం ఎక్కడుంది? ఈ ప్రశ్న తేలిగ్గా కనిపిస్తుంది, అనిమోన్‌లో ఉందని ఎవరైనా అంటారు. కానీ పగడపు దిబ్బల దగ్గర క్లౌన్ చేప అదే స్పర్శకాల మధ్య కాపురం ఉంటుంది. దాని ఒంటి మీది జిగురు వల్ల దంశకణాలు దాని మీద పేలవు. సన్యాసి పీత తన గుల్ల మీద అనిమోన్‌ను కూర్చోబెట్టుకుని కావలికి తిప్పుకుంటుంది. ఇంటర్మీడియట్ జంతుశాస్త్రం చదివినవాళ్ళకు ఈ జంట గుర్తుండే ఉంటుంది. గుల్లలేని సముద్రపు నత్తల్లో ఒక రకం ఇంకా దిట్టది. అది అనిమోన్‌ను తిని, అరిగించుకోకుండా మిగిల్చిన దంశకణాలను తన వీపు మీది పోగుల్లోకి చేరవేసి సొంత ఆయుధాలుగా వాడుకుంటుంది. చలికాలం చివర మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు అనిమోన్‌కు దాయాదులైన జెల్లీ చేపల్ని ఆహారంగా తింటాయి. ఒకే తరహా పదార్థం రొయ్యకు చావు, నత్తకు ఆయుధం, తాబేలుకు భోజనం, రోగికి బహుశా మందు. పదార్థాన్ని ఎంత చీల్చి చూసినా అందులో విషమనే గుణం విడిగా దొరకదు. 35 అమైనో ఆమ్లాలు, మూడు బంధాలు, అంతే దొరుకుతాయి.

ఇందులో కొత్తేముంది, మోతాదు మాటే కదా అనవచ్చు. సరిగ్గా వాడితే తీక్ష్ణమైన విషమూ మేలైన మందవుతుందని, తప్పుగా వాడితే మందే విషమవుతుందని చరక సంహిత ఎప్పుడో చెప్పింది. మన వైద్యులు నాభి అనే విషపు దుంపను శుద్ధి చేసి గురిగింజ ఎత్తుల్లో వాడిందీ అందుకే. పదహారో శతాబ్దంలో ఐరోపాలో పారాసెల్సస్ విషమని తేల్చేది మోతాదేనన్నాడు. గొప్ప మాటలే, కానీ చాలవు. చాలవని చూపించినది కూడా అనిమోనే. ఫ్రెంచి వైద్యుడు షార్ల్ రిషే, అతని తోటివాడు పాల్ పోర్టియే 1901లో మొనాకో ప్రభువు ఓడ మీద సముద్రజీవుల విషాలను పరిశీలించడం మొదలుపెట్టారు. పారిస్‌కు తిరిగొచ్చాక అనిమోన్ విషంతో కుక్కల మీద ప్రయోగాలు సాగించారు. కొద్దికొద్దిగా ఎక్కిస్తే ఒళ్ళు అలవాటుపడి తట్టుకుంటుందని వాళ్ళ ఆశ. నెప్ట్యూన్ అనే కుక్క మొదటి మోతాదుకు ఏమీ కాకుండా తట్టుకుంది. కొన్ని వారాల తర్వాత, చంపలేనంత చిన్న మోతాదే మళ్ళీ ఇస్తే నిమిషాల్లో రొప్పుతూ కూలి చచ్చిపోయింది. అదే విషం, అదే జంతువు. మోతాదు సిద్ధాంతం ప్రకారం బతకవలసింది చచ్చింది. ఎందుకంటే ఈసారి చంపింది అనిమోన్ ఒక్కటే కాదు, మొదటి పరిచయాన్ని గుర్తుపెట్టుకున్న కుక్క శరీరం కూడా. ఈ పని ద్వారానే రిషే అనఫిలాక్సిస్ అనే ఈ తీవ్ర ప్రతిచర్యను లోకానికి తెలియజేసి 1913లో నోబెల్ అందుకున్నాడు. ఇవాళ పెన్సిలిన్ ఇంజెక్షను ముందు చర్మంలో పరీక్ష చేసే నర్సుకు తెలిసినా తెలియకపోయినా, ఆ జాగ్రత్త వెనకాల ఆ కుక్క ఉంది. విషం ఎంత అన్నది ఎంత ముఖ్యమో, అది ఎవరిని, ఎక్కడ, ఏ గతంతో కలుసుకుంది అన్నదీ అంతే ముఖ్యమని ఇది చెబుతుంది. డలజటైడ్ విషయంలోనూ తేడా తెచ్చింది మోతాదు మాత్రమే కాదు, ఏ ద్వారం అన్నది.

ఈ మాటకు తర్కం కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. శ్రీకూర్మం ఉన్న గార మండలంలోనే వంశధార ఒడ్డున సాలిహుండం కొండ ఉంది. బౌద్ధ స్తూపాలూ విహారాలూ తవ్వి తీసిన చోటు. తార, మారీచి మూర్తులు దొరికాయి కనుక ఒక దశలో మహాయాన, వజ్రయాన సాధన అక్కడ జరిగిందని చెప్పవచ్చు. ఆ మహాయానానికి తర్కపు వెన్నెముక నిలబెట్టినవాడు నాగార్జునుడు, ఆంధ్రదేశంతో సంప్రదాయం ముడిపెట్టిన పేరు. ఆయన వాదం సారం ఇది. ఏ వస్తువుకూ తనంతట తానుగా, వేరే దేని మీదా ఆధారపడకుండా ఉండే స్వభావం లేదు. ఉన్నదంతా ఒకదాన్ని పట్టుకుని ఒకటి ఏర్పడేదే. స్వభావమే విషమైతే అది క్లౌన్ చేపకూ విషమే కావాలి, మార్చడానికి వీల్లేకుండా ఉండాలి, ఒక చిన్న తోకతో మందుగా మళ్ళకూడదు. నాగార్జునుడు అనిమోన్‌ను ఎరగడు. అమైనో ఆమ్లాల గొలుసును అంతకన్నా ఎరగడు. ఆయన చెప్పింది అనిమోన్ గురించి కాదు. అయినా ఇక్కడ మనకు కావలసిన పనిముట్టు ఆయన దగ్గరుంది. విషం అనేది పేరు పెట్టిన పదార్థం కాదు, ఇద్దరి మధ్య జరిగే సంగతి అని ఒప్పుకోవడానికి అది చాలు.

అయితే నాగార్జునుడితో ఆగిపోతే ప్రశ్నలో సగమే తీరుతుంది. ఇద్దరి మధ్య సంగతే అనుకున్నాం, కానీ ఆ ఇద్దరి మధ్య అసలు ఏదైనా జరగడం ఎలా సాధ్యం? కరీబియన్ నీళ్ళలో బండకు అతుక్కున్న మెదడులేని జీవి గొలుసు ఒకటి సోంపేటలోనో గజపతినగరంలోనో ఉన్న మనిషి రక్తకణం ద్వారంలో ఎందుకు సరిపోవాలి? తెలియని ఊరి తాళంచెవి మనింటి తాళంలో తిరిగితే, రెండు తాళాలనూ చేసినవాడు ఒకడేనని అనుమానం వస్తుంది. ఇక్కడ అనుమానం అక్కర్లేదు, సాక్ష్యమే ఉంది. కేవీ 1.3 చెందిన కుటుంబాన్ని షేకర్ కుటుంబం అంటారు. మత్తుమందు పెట్టినప్పుడు కాళ్ళు వణికించే పండ్ల ఈగలో ఆ జన్యువును మొదట పట్టుకున్నారు కనుక ఆ పేరు. ఈగలో ఉన్నది మనలో ఉంది, అనిమోన్‌లోనూ ఉంది. నెమటోస్టెల్లా అనే చిన్న అనిమోన్ జన్యుపటాన్ని 2007లో చదివినప్పుడు శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. దాని జన్యువుల అమరిక కొన్ని విషయాల్లో ఈగకన్నా, నులిపురుగుకన్నా మనిషికే దగ్గరగా ఉంది. రొయ్య నరాన్నీ మన నరాన్నీ నడిపే ద్వారాలు ఒకే పూర్వీకుడి ఆస్తిలో వచ్చిన వాటాలు. అందుకే రొయ్య కోసం తయారైన విషం మనల్నీ తాకుతుంది. పూర్తిగా పరాయివాడు మనకు విషం పెట్టలేడు. విషం పనిచేసిందంటే అవతల ఉన్నది చుట్టమే. మందు పనిచేయడానికీ కారణం అదే. అన్నం ఒంటబట్టడానికీ కారణం అదే.

హాలాహలం ఎందుకన్న ప్రశ్నకు నాకు తోచే జవాబు ఇది. ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రాణుల లోకంలో గాయపరచగల శక్తి, నయం చేయగల శక్తి, పోషించగల శక్తి వేర్వేరుగా ఉండవు. ఒకటి కావాలంటే మిగతావీ వస్తాయి. పురాణాన్ని మళ్ళీ చదివితే అది ఈ ముడిని దాచలేదు. హాలాహలం ఏ సముద్రం నుంచి వచ్చిందో, అమృత కలశం పట్టుకుని వైద్యుల దేవుడు ధన్వంతరి ఆ సముద్రం నుంచే వచ్చాడు. శివుడి చేతి నుంచి జారిన చుక్కలను తేళ్ళు, పాములు, విషపు మొక్కలు పంచుకున్నాయని భాగవతం అంటుంది. అంటే వాటి విషం పరాయిది కాదు, అందరి కథలోంచి చిందినదే. శ్రీముఖలింగంలో పూజలందుకునే ఆ శివుడు కూడా విషాన్ని నాశనం చేయలేదు. మింగితే చంపేది, కక్కితే లోకాన్ని కాల్చేది గొంతులో నిలిస్తే అలంకారమైంది. ఎక్కడ పెట్టాలో తెలియడమే ఆయన చేసిన వైద్యం. ఇంత చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కేవీ 1.3 సంగతి పురాణకర్తలకు ముందే తెలుసనడానికి ఇదేమీ ఆధారం కాదు. సకల విజ్ఞానమూ మన గ్రంథాల్లోనే ఉందనే ధోరణిని గురజాడ విజయనగరంలో కూర్చుని ఎప్పుడో కన్యాశుల్కం నాటకంతో రంగస్థలం మీద నవ్వులపాలు చేశాడు. నవ్వులపాలయ్యే ఆ పాత్రను మనం మళ్ళీ కట్టనక్కర్లేదు. కథ ప్రయోగశాల పని చేయదు. లోకం మనకు శత్రువా, చుట్టమా అన్న ప్రశ్నను పట్టుకుని ఉంటుంది, ప్రయోగశాల ఆ ప్రశ్న వేయదు కాబట్టి.

దేవుడు సర్వశక్తుడైతే గాయపరిచే శక్తి లేకుండా నయం చేసే శక్తి మాత్రమే ఇవ్వలేడా అని నమ్మనివాళ్ళూ, నమ్మకం ఉండి బాధపడ్డవాళ్ళూ అడుగుతారు. పెద్ద ప్రశ్న. నాకు తోచినంతలో, అది ఒక లోకాన్ని కోరుతున్నట్టుగా ఉండి నిజానికి లోకమే వద్దని కోరుతోంది. ఏ కణం పొరా మరో కణపు పదార్థానికి స్పందించని లోకంలో విషం ఉండదు, నిజమే. అక్కడ తల్లిపాలు కూడా అరగవు, గాయానికి రాసిన పసుపు కూడా పట్టదు, గర్భంలో పిండం గోడకు అతుక్కోదు. తాకడానికి వీలున్న చోటే తూటు పడడానికీ వీలుంటుంది. ఈ జవాబుతో దేవుడున్నాడని తేలదు, లేడనీ తేలదు. విషం ఉంది కనుక సృష్టి దుర్మార్గం అనే వాదం మాత్రం బలహీనపడుతుంది. దానితోపాటే, విషం మందవుతుంది కనుక సృష్టి మంగళం అనే వాదమూ బలహీనపడుతుంది. ఆస్తికుడికీ నాస్తికుడికీ సమానంగా అసంతృప్తి మిగిల్చే జవాబు ఇది. అందుకే నాకు దీని మీద కొంత నమ్మకం.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి. చుట్టరికం, సంబంధం అంటూ మాట్లాడితే బాధ మాటల్లో కరిగిపోతుందా? వరి కోతల్లో రక్తపింజరి కరిచిన మనిషికి విషానికి స్వభావం లేదని చెప్పడం క్రూరత్వం కాదా? చెప్పడం మాత్రమే చేస్తే క్రూరత్వమే. కానీ సంబంధం అన్నంత మాత్రాన అది అబద్ధమని కాదు. అప్పు కూడా ఇద్దరి మధ్య సంబంధమే, ఇల్లు వేలం వేయించగల సంబంధం. పైగా ఆ మనిషిని బతికించేది కూడా సంబంధం అన్న ఎరుకే. గుర్రానికి పాము విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, దాని రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను తీసి మనిషికి ఇస్తారు. విషం, గుర్రం, మనిషి ఒకరికొకరు పరాయివాళ్ళయితే ఆ సీసా పనిచేసేదే కాదు. అనిమోన్ చేతిలో చచ్చే రొయ్యపిల్ల మాటేమిటంటే, దానికి ఇందులో ఓదార్పు లేదు. విజయనగరం జిల్లా రామతీర్థం కొండల మీద బౌద్ధులతో పాటు జైనులూ ఒకప్పుడు నివసించిన ఆనవాళ్ళున్నాయి. ఒక ప్రాణి బతకడానికి మరో ప్రాణి పోవడమనే సంగతిని జైనులంత సీరియస్‌గా తీసుకున్నవాళ్ళు లేరు. వాళ్ళు విషమున్న ప్రాణిని దోషిగా చూడలేదు, తమ అడుగు ఎక్కడ పడుతోందో చూసుకున్నారు. దేవుడి మీద కేసు పెట్టడంకన్నా అది ఎక్కువ పనికొచ్చే తీరు.

అడుగు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఎస్‌హెచ్‌కేని ఇప్పుడు రసాయనశాలలోనే అల్లుతున్నారు, మందు కోసం అనిమోన్లను రాళ్ళ నుంచి ఊడబెరకనక్కర్లేదు. అలాంటప్పుడు మందు ఆశ చూపించి తీరాన్ని కాపాడమని అడిగే వాదం ఎంత గుల్లదో తెలుస్తుంది. సూత్రం చేతికొచ్చాక పువ్వు ఉంటే ఏమిటి, పోతే ఏమిటి అనేవాడికి ఆ వాదం జవాబు చెప్పలేదు. 2010లో సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని జనం ఎదురు తిరిగినప్పుడు, ఆ తడినేలలో ఏదో మందు మొక్క ఉందని వాళ్ళు అనలేదు. ఆ నీళ్ళతో, చేపలతో, పంటతో తమ బతుకు ముడిపడి ఉందన్నారు. కాల్పుల్లో మనుషులు చనిపోయినా ఆ మాట మార్చలేదు. అది చుట్టరికపు వాదం, ప్రయోజనపు వాదం కన్నా లోతైనది.

విషం పదార్థంలో లేదు, సంబంధంలో ఉందన్న మాట శ్రీకాకుళం జిల్లాలో ఉత్త తాత్త్విక చర్చగా మిగలదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు కలిసిన ఉద్దానంలో, కొబ్బరి జీడి తోటల మధ్య, దశాబ్దాలుగా మూత్రపిండాలు చెడిపోతున్నాయి. సర్వేల ప్రకారం పెద్దవాళ్ళలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఈ జబ్బు ఛాయలున్నాయి. మధుమేహం, రక్తపోటు లేనివాళ్ళకూ వస్తోంది. అనిమోన్ మందు ఇక్కడ పనికొచ్చేది కాదు, ఆ ఆశ ఎవరూ పెట్టుకోకూడదు. పనికొచ్చేది ఆలోచించే తీరు. భారలోహాలా, సిలికానా, పురుగుమందులా, నొప్పి మాత్రలా, ఎండలో నీళ్ళు తాగక చేసే పనా అంటూ ఒక్కొక్క అనుమానితుణ్ణీ విడివిడిగా బోనెక్కించి చూశారు. ఒక్కదాని మీదా నేరం పూర్తిగా రుజువు కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బుకే ఇలాంటి వెతుకులాటే సాగుతోంది. విడిగా చూస్తే హాని చేయని మోతాదులో ఉన్నవి ఒకే శరీరంలో, ఒకే ఎండలో, ఏళ్ళ తరబడి కలిస్తే ఏమవుతుందన్నది విడివిడి పరీక్షలకు అందదు. నెప్ట్యూన్‌ను చంపిన రెండో మోతాదు కూడా విడిగా చూస్తే హాని లేనిదే. ఇలా అంటే కలుషితం చేసినవాళ్ళకు తప్పించుకునే దారి దొరుకుతుందని భయపడనక్కర్లేదు. ముడిలో ఏ పోగు వేసినవాడైనా ఆ ముడికి బాధ్యుడే. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అక్కడికి వచ్చే మనిషి రక్తంలో ఏముందో కొలిచే కాగితం మీదే, అతను ఏ నూతి నీళ్ళు తాగాడో, ఏ నెలల్లో ఎన్ని గంటలు ఎండలో ఉన్నాడో, ఒళ్ళునొప్పులకు ఏ మాత్రలు ఎన్నేళ్ళు మింగాడో రాయడానికి కూడా చోటుండాలి.